పైనక్క ఇక పైకెత్తనంది

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆమెకు ఒకటుంది గానీ, జీతాల పట్టీలో తప్ప అది ఎక్కడా వినపడదు. పనిచోట అందరికీ ఆమె పైనక్క. టవర్ క్రేన్ తోలే మనిషి. పొద్దున్నే అన్నం డబ్బా, నీళ్ల సీసా సంచిలో వేసుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని నిచ్చెన ఎక్కడం మొదలుపెడితే మళ్లీ మధ్యాహ్నం దాకా కిందవాళ్లకు ఆమె ముఖం కనపడదు. వాకీటాకీలో గొంతు మాత్రం వినిపిస్తుంది. "పైనక్కా, కాస్త ఎడమకి" అంటే ఎడమకి. "పైనక్కా, నిదానం" అంటే నిదానం. ఇనుప ఊచల కట్టను పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించుతుందని సెంట్రింగ్ మేస్త్రి పదిమందికీ చెప్పుకునేవాడు.

ఆమె నాన్న బావులు తవ్వేవాడు. "మా నాన్న భూమిలోకి దిగి బతికాడు, నేను గాల్లోకెక్కి బతుకుతున్నా. మా ఇంట్లో నేలమీద నిలబడి సంపాదించినవాళ్లే లేరు" అని ఆమె నవ్వేది. అమ్మ చిన్నప్పుడే పోయింది. అప్పటికి చెల్లెలికి జడ వేసుకోవడం కూడా రాదు. ఆ జడలు వేసి, బడికి పంపి, జ్వరాలొస్తే పక్కన కూర్చుని, చివరికి పెళ్లి చేసి పంపింది అక్కే. తన పెళ్లి ఆ తర్వాతే. మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. నోట్లోంచి మాట రావాలంటే స్పానరు పెట్టి తిప్పాలి అని చెల్లెలు బావను ఆటపట్టించేది. ఆయన దానికీ బదులిచ్చేవాడు కాదు.

చెల్లెలు బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఉన్నది ఒకటే గది. కిటికీ కింద మిషను, మధ్యలో తాడుకు వేలాడదీసిన దుప్పటి, దుప్పటికి అటువైపు అత్తగారి మంచం. పిల్లలిద్దరూ బట్టలు కత్తిరించే బల్ల కింద పడుకునేవాళ్లు. అలాంటి చెల్లెలు, ఆమె భర్త కలిసి చాలాకాలానికి ఒక ఫ్లాట్ కొనుక్కున్నారు. ఊరి చివర లేస్తున్న పన్నెండంతస్తుల భవనంలో, పదో అంతస్తులో. ఆ భవనానికి క్రేన్ తోలుతున్నది పైనక్కే. "మా అక్క మోసుకొచ్చిన ఇటుకల మధ్య కాపురం చేస్తా" అని చెల్లెలు దారినపోయేవాళ్లను కూడా ఆపి చెప్పేది. వంటింట్లో పొయ్యి ఎటుండాలో, మిషను ఏ మూల పెట్టాలో బట్టలమీద గీతలు గీసే సుద్దముక్కతో నేలమీద గీసి చూపించేది.

భవనానికి ఆవల, రోడ్డు దాటి ముళ్లకంచె వెనక, వైమానిక దళంవాళ్లు కొత్తవాళ్లకు విమానం నడపడం నేర్పే మైదానం ఉంది. పొద్దున్నుంచి చిన్న చిన్న విమానాలు లేస్తూ, వాలుతూ, మళ్లీ లేస్తూ ఉంటాయి. ఊళ్లో చంటిపిల్లలు కూడా ఆ మోతకు ఉలిక్కిపడటం మానేశారు. ఆ వైపు ఎత్తు కట్టడాలు కట్టకూడదని పాత కట్టుబాటు ఒకటుండేది. ఊరు పెరిగింది, స్థలం కరువైంది, ఆ కట్టుబాటును పురపాలక సంఘం కొంచెం కొంచెంగా సడలిస్తూ వచ్చింది. మైదానంవాళ్లు వద్దన్నారు. వాళ్ల మాట చెవిటివాడి ముందు శంఖమే అయింది.

ఆ పొద్దు మబ్బుగా ఉంది. భవనం ఏడో అంతస్తుకు వచ్చింది. క్రేన్ ఎప్పుడూ భవనం కంటే బాగా పైన ఉండాలి కాబట్టి, ముందురోజే దాని స్తంభానికి కొత్త ముక్కలు చేర్చి ఎత్తు పెంచారు. పైనక్క కాంక్రీటు తొట్టిని పైకి లాగుతోంది. రోజూ మోత ముందొచ్చి విమానం తర్వాత కనపడేది. ఆ రోజు మోత లేదు. మబ్బులోంచి ఒక విమానం, చేతిలోంచి జారిన కాగితంలా నిశ్శబ్దంగా కిందికి జారుకుంటూ, సరాసరి ఆమె వైపే వచ్చింది.

ఆమె లివరు వదిలేసింది. తొట్టి గాల్లో ఆగి ఊగుతోంది. ఎటైనా తప్పుకుందామంటే క్రేన్‌కు కాళ్లా? విమానం ముక్కు పెద్దదవుతోంది. ఆఖరి క్షణంలో దాని రెక్క ఒకటి పైకి లేచింది, ఇంజన్ ఒక్కసారిగా గర్జించింది, క్రేన్ చెయ్యి చివర పక్కనుంచే దూసుకుపోయింది. క్యాబిన్ అద్దాలు గలగలలాడాయి. అందులో ఇద్దరు ఉన్నారు. ముందు కూర్చున్న మనిషి తల ఆమె వైపు తిరిగింది. హెల్మెట్ నల్ల అద్దం తప్ప ముఖం కనపడలేదు. కానీ హెల్మెట్ కింద మెడ కనపడింది. సన్నటి మెడ. ఇంకా పూర్తిగా ఎదగని పిల్ల మెడ.

పైనక్క తొట్టిని నెమ్మదిగా దించింది. నిచ్చెన దిగి వచ్చి, సూపర్వైజర్ ముందు నిలబడింది.

"ఆ కొత్త ముక్కలు విప్పించండి. ఆ ఎత్తులో నేను పని చెయ్యను."

"భయపడ్డావా అక్కా? సహజమే. టీ తాగి కాసేపు కూర్చో."

"భయపడ్డా. టీ తాగితే భయం పోతుందేమోగానీ క్రేన్ పొట్టిదవదు కదా."

"మనకు పర్మిషన్ ఉందక్కా. అన్నీ ఉన్నాయి."

"ఉంటే విమానానికి చూపించండి" అని ఆమె హెల్మెట్ తీసి ఆయన బల్లమీద పెట్టింది.

బిల్డరు చెడ్డవాడేం కాదు. పండగో పబ్బమో చూడకుండా పనివాళ్లకు వేళకు జీతాలిచ్చేవాడు. కానీ ఒక్కో అంతస్తూ ఆయనకు ఒక్కో మెట్టు, మెట్టు మధ్యలో ఆగమంటే ఎవరికి నచ్చుతుంది? మర్యాదగానే చెప్పాడు. "ఎక్కితే ఎక్కు, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను." పైనక్క కూడా మర్యాదగానే బదులిచ్చింది. "చూసుకోండి. వచ్చినవాళ్లకు మాత్రం జరిగింది చెప్పకుండా ఉండను."

ఆ సాయంత్రం కబురు ఆమెకంటే ముందే చెల్లెలి గదికి చేరింది. చెల్లెలు మిషను ఆపలేదు. కుడుతూనే, తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"నువ్వు ఎత్తకపోతే ఇంకొకరు ఎత్తుతారు. నీ పని పోతుంది, నా ఇల్లు ఆలస్యమవుతుంది. ఏం బావుకున్నావక్కా?"

"ఇంకొకరు ఎత్తితే ఎత్తనీ. నేనెత్తను."

"తగిలిందా? తగల్లేదు కదా!"

"తగిలుంటే నువ్విప్పుడు నన్ను తిట్టేదానివి కాదే, ఏడ్చేదానివి."

మిషను ఆగింది. "ఊరందరి మేలూ కోరేదానివి, సొంత చెల్లెలి నోట్లో మట్టి కొడతావా? ఈ పిల్లలు ఇంకెన్నాళ్లు బల్ల కింద పడుకోవాలి?"

దుప్పటికి అవతలనుంచి అత్తగారు కలగజేసుకుంది. "పోట్లాడుకుంటే పోట్లాడుకోండి గానీ మెల్లగా పోట్లాడుకోండమ్మా. చిన్నాడు ఇప్పుడే నిద్రపోయాడు." అక్కచెల్లెళ్లిద్దరూ గొంతులు తగ్గించి ఇంకాసేపు పోట్లాడుకున్నారు. చివరికి చెల్లెలు, "నీ మాట మార్చుకునేదాకా మా గడప తొక్కకు" అంది. పైనక్క చెప్పులు వేసుకుని వచ్చేసింది.

ఇంట్లో మొగుడు అంతా విన్నాడు. "బ్రేకులు పోయిన బస్సును నేనూ బయటికి పంపను" అన్నాడు. ఆయన నోట అన్ని మాటలు ఒకేసారి రావడం ఆమెకు కొండంత అండ అనిపించింది.

మర్నాడు ఆమె సైకిలేసుకుని మైదానం గేటు దగ్గరికి వెళ్లింది. కాపలా మనిషి ఎవరు, ఏమిటి, ఎందుకు అని అడిగి, "మీరు లోపలికి వెళ్లడానికి లేదమ్మా" అన్నాడు. "నేను వెళ్లక్కర్లేదు నాయనా, వాళ్లనే రమ్మను. క్రేన్‌లో ఉన్నది నేనే అని చెప్పు" అంది. ఎండలో కంచె నీడ వెతుక్కుని నిలబడింది. మధ్యాహ్నం దాటాక ఒక అధికారిణి నడుచుకుంటూ వచ్చింది. పొట్టి జుట్టు, ఎండకు నల్లబడ్డ చేతులు, కళ్ల చుట్టూ మాత్రం కళ్లద్దాల తెల్లటి అచ్చు.

"క్రేన్‌లో ఉన్నది మీరా?" అంది. "విమానంలో వెనక కూర్చున్నది నేనే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ముందు నవ్వారో తెలియదు గానీ, ప్రాణాలతో బయటపడ్డవాళ్లకు మాత్రమే వచ్చే నవ్వు అది.

"చప్పుడెందుకు లేదండీ?" అని అడిగింది పైనక్క.

"అదే పాఠం. గాల్లో ఇంజన్ ఆగిపోతే ఏం చెయ్యాలో నేర్పిస్తాం. ఇంజన్ బాగా తగ్గించేసి, జారుకుంటూ వచ్చి వాలాలి. అలా వచ్చేటప్పుడు మళ్లీ పైకి లేచే శక్తి విమానానికి ఉండదు. ఆ రోజు ఇంజన్ నిజంగా ఆగి ఉంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు."

"అటువైపు నుంచి రాకూడదా?"

"అటు కొండ, ఇటు ఊరు. ఉన్నది ఆ సందు ఒక్కటే. ఇప్పుడందులో మీ క్రేన్ ఉంది, రేపు భవనం ఉంటుంది. అందుకే ఆ పాఠం ఆపేశాం." ఆమె కంచెకు ఆనుకుంది. "ఆపామంటే, పిల్లలు అది నేర్చుకోకుండానే ముందుకు పోతారు. నిజంగా ఇంజన్ ఆగిననాడు..."

"మీరెందుకు గట్టిగా అడగరు?"

"అడుగుతూనే ఉన్నాం. మేమడిగితే, వీళ్లకు ఊరి బాగు పట్టదు అంటారు. ఊళ్లోవాళ్లు అడగాలి."

ఆ మాట పట్టుకుని పైనక్క ఊళ్లో పడింది. పని ఎలాగూ పోయింది. కూరగాయల గిడ్డంగిలో బస్తాలు ఎత్తే చిన్న బండి తోలే పని మధ్యాహ్నం పూట దొరికింది. మిగతా పొద్దంతా పురపాలక కార్యాలయం. వరండాలో బల్లమీద కూర్చునేది. గుమాస్తా "రేపు రామ్మా" అంటే "ఎల్లుండి కూడా వస్తాను, ఇబ్బంది లేదు" అనేది. కౌన్సిలర్లు ఒక్కొక్కరూ లోపలికి పోయేటప్పుడు లేచి నిలబడి, తను చూసింది చూసినట్టు చెప్పేది. లెక్కలూ కొలతలూ ఆమెకు తెలియవు, తెలుసని అననూ లేదు. "కొలిచేవాళ్లను పిలిచి కొలిపించండి. అందరినీ కూర్చోబెట్టి తేల్చండి" అన్నదొక్కటే ఆమె మాట. వినీ వినీ ప్రాణం విసిగి, సంఘం అధ్యక్షురాలు బహిరంగ సభకు ఒప్పుకుంది.

ఈలోగా బిల్డరు పొరుగూరి నుంచి ఇంకో క్రేన్ మనిషిని తెచ్చాడు. గుబురు మీసాలాయన, ఆ పనిలో తలపండినవాడు. ఆయన వచ్చిన పొద్దున పైనక్క నిచ్చెన మొదట్లో నిలబడి ఉంది.

"అన్నా, ఎక్కేముందు ఒక్కమాట" అని జరిగిందంతా చెప్పింది.

ఆయన మీసం సర్దుకున్నాడు. "చెల్లెమ్మా, గాలిని చూశాను, పిడుగుల్ని చూశాను. నా ఇంట్లో కూడా పొయ్యి వెలగాలి కదా."

"వెలగాలి. అందుకే చెప్తున్నా" అని ఆమె దారి ఇచ్చింది.

మైదానంవాళ్లు ఆ ఒక్క పాఠమే ఆపారు, మామూలు రాకపోకలు ఆగలేదు. మీసాలాయన సాయంత్రం దాకా పనిచేసి దిగాడు. దిగి, చేతులు కడుక్కుని, సూపర్వైజర్‌తో, "అయ్యా, విమానం నెత్తిమీద నుంచి పోతే చూశాను గానీ కాళ్ల కిందనుంచి పోతే చూడలేదు. ముక్కలు విప్పాక కబురు పెట్టండి, వస్తాను" అని బస్సెక్కాడు. పని ఆగిపోయింది.

పని ఆగేసరికి ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లందరి కోపం పైనక్క మీదికి మళ్లింది. వీధిలో ఎదురుపడ్డవాళ్లు ముఖం తిప్పుకున్నారు. ఒకాయన గిడ్డంగికే వచ్చి కేకలేసి పోయాడు. సభకు ముందురోజు చెల్లెలు వచ్చింది. తిట్టడానికే వచ్చింది.

"పద. ఏం చూశావో నాకూ చూపించు. నా కళ్లతో చూస్తేగానీ నమ్మను."

"క్రేన్ ఎక్కనివ్వరే నిన్ను."

"క్రేన్ ఎందుకు? మెట్లున్నాయిగా."

సూపర్వైజర్ వద్దన్నాడు గానీ, కొనుక్కున్న మనిషి తన ఇల్లు చూసుకుంటానంటే ఏం చేస్తాడు? ఇద్దరికీ హెల్మెట్లిచ్చి తనూ వెంట వచ్చాడు. ముగ్గురూ ఏడో అంతస్తు శ్లాబుమీదికి చేరారు. గాలి బట్టల్ని లాగేస్తోంది. చెల్లెలు రొప్పుతూనే, ఇంకా కట్టని తన ఇంటికోసం ఆకాశంలోకి చూసింది. వేలితో చూపిస్తూ, "ఇదిగో, ఈ స్తంభాల మీదుగా ఇంకా మూడంతస్తులు. అదిగో హాలు. ఆ పక్కన నా వంటిల్లు. కిటికీ అటువైపు..." అంటోంది.

మైదానం మీదనుంచి మోత లేచింది. చిన్న విమానం ఒకటి నేల విడిచి, అవస్థపడుతున్నట్టుగా ఎగసి, ఇటు తిరిగింది. చెల్లెలి వేలు ఇంకా పైకే ఉంది. విమానం ఆ వేలు చూపించిన చోటునుంచే పోయింది. శ్లాబుమీద దుమ్ము లేచి ముగ్గురి కళ్లల్లో పడింది.

చెల్లెలు వేలు దించలేదు.

"అక్కా! అది నా వంటింట్లోంచే పోయిందే!"

పైనక్క ఆమె భుజం పట్టుకుంది. చెల్లెలు ఏడ్చింది. భయంతో కాదు. అన్నాళ్లు గీసుకున్న ఇల్లు కళ్లముందే గాల్లో కలిసిపోయినందుకు ఏడ్చింది. కింద చేరాక, "నీమీద కోపం పోయిందనుకోకు" అని చెల్లెలు తన దారిన పోయింది.

సభనాడు హాల్లో కుర్చీలు చాలలేదు. అధికారిణి గోడకు పటం తగిలించి, ఏ విమానం ఎటునుంచి వస్తుందో, ఎక్కడ ఎంత ఎత్తు దాటకూడదో చెప్పింది. వెనకనుంచి ఒకాయన, "మైదానమే ఇంకెక్కడికైనా మార్చుకోమనండి!" అని అరిచాడు. సగం హాలు చప్పట్లు కొట్టింది. బిల్డరు లేచి తన పర్మిషన్ సంగతి చెప్పాడు. అందులో అబద్ధం లేదు, సంఘమే ఇచ్చింది. అధ్యక్షురాలు నీళ్లు తాగింది.

తర్వాత పైనక్కను పిలిచారు. మైకు ముందు నిలబడితే ఆమెకు ఎత్తులో ఎప్పుడూ తిరగని కళ్లు అక్కడ తిరిగాయి.

"నేను క్రేన్ తోలేదాన్ని. ఎత్తంటే నాకు ఇష్టం. ఎత్తు కట్టొద్దని నేనే అడగడం నాకే వింతగా ఉంది. కానీ ఆ రోజు ఆ విమానంలో ఉన్నది చిన్నపిల్ల. నేర్చుకునేవాళ్లు తప్పులు చేస్తారు. నేనూ నేర్చుకునే రోజుల్లో తొట్టిని గోడకు కొట్టాను, గోడ పోయింది, మళ్లీ కట్టారు. ఆ పిల్ల తప్పు చేస్తే మళ్లీ కట్టడానికి ఏముంటుంది? కింద ఇళ్లున్నాయి, బడి ఉంది. తప్పు చేసినా బతికేంత జాగా వదలమంటున్నా. అంతే."

కూర్చుంది. చప్పట్లు పెద్దగా లేవు. అప్పుడు ముందు వరసలోంచి చెల్లెలు లేచింది.

"నాది పదో అంతస్తు" అంది. "మా అక్కతో నేను మాట్లాడట్లేదు. అది వేరే సంగతి. నిన్న నా ఇల్లు చూసుకోవడానికి పోతే, నా వంటింట్లోంచి విమానం పోయింది. నేనిప్పుడు పొయ్యి ఎక్కడ పెట్టుకోను?" హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "నవ్వండి. నాకు మాత్రం ఇల్లు కావాలి. పైన కుదరకపోతే నేలకు దగ్గరగా కట్టివ్వండి. అంతస్తులు తగ్గించి ఊరుకుంటే కుదరదు. పోయిన ఇళ్లన్నీ ఎక్కడ కడతారో ఇక్కడే చెప్పాలి. చెప్పేదాకా నేనీ కుర్చీలోంచి లేవను." అని కూర్చుంది. ఆమె పక్కనున్నావిడ, "నేనూ లేవను" అంది. ఆ వెనకాయన కూడా.

అది చూసి పైనక్క, దీనికి జడలు వేసింది నేనేగా అనుకుంది.

ఆ రోజే ఏదీ తేలలేదు. కొలిచేవాళ్లు వచ్చి కొలిచారు, మళ్లీ రెండుసార్లు కూర్చున్నారు, బిల్డరు కోర్టుకు పోతానని ఒకసారి లేచిపోయి మళ్లీ వచ్చాడు. చివరికి తేలింది ఇది: మైదానానికి దగ్గరయ్యేకొద్దీ ఎత్తు తగ్గాలి. నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది, కట్టేటప్పటి క్రేన్, అన్నీ ఆ ఎత్తులోకే లెక్క. ఈ భవనం ఏడంతస్తులతో ఆగాలి. మిగతా ఇళ్లు, ముందువైపు దుకాణాలకని వదిలిన జాగాలో మూడంతస్తుల వరసగా కట్టాలి. బిల్డరుకు లాభం తగ్గింది. కొన్నవాళ్లకు ఆలస్యమైంది. సంతోషంతో ఎగిరి గంతేసినవాళ్లు ఎవరూ లేరు గానీ, కాదన్నవాళ్లూ లేరు.

క్రేన్ దించడానికి సూపర్వైజరే గిడ్డంగికి వచ్చి పిలిచాడు. "నువ్వయితేనే బాగుంటుందక్కా" అన్నాడు. పైనక్క ఎక్కింది. కొత్త ముక్కల్ని ఒక్కొక్కటే విప్పి దింపించింది. తర్వాత మూడంతస్తుల వరసకు చిన్న క్రేన్ తెచ్చారు, దాన్నీ ఆమే తోలింది. ఆ పని సాగుతుండగానే మైదానంవాళ్లు ఆపేసిన పాఠం మళ్లీ మొదలుపెట్టారు.

చెల్లెలి ఇల్లు ఆ వరసలో రెండో అంతస్తుకు మారింది. ముందనుకున్నదానికంటే ఏడాదిపైన ఆలస్యం. కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనపడదు. ఆ గోడ చూసినప్పుడల్లా అక్కను దెప్పకుండా ఉండదు. కానీ పిల్లలకు ఒక గది ఉంది, అత్తగారికి తలుపున్న గది ఉంది. ఇల్లు చేరిన మొదటి పూట అక్కనూ బావనూ భోజనానికి పిలిచింది. బావ అన్నం తింటూ, "గోడ బాగుంది" అన్నాడు. చెల్లెలు గరిటె ఎత్తింది, అందరూ నవ్వారు.

ఇప్పుడు రోడ్డు పక్కన ఇంకో స్థలం ఉంది. ఇంకో బిల్డరు వచ్చాడు. ఒక్క అంతస్తుకు మినహాయింపు ఇవ్వండి, ఒక్కటంటే ఒక్కటే అని అడుగుతున్నాడు. సంఘం కూర్చున్న ప్రతిసారీ పైనక్క పని బట్టలతోనే వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది. ఈమధ్య చెల్లెలు కూడా పక్కన కూర్చుంటోంది, ఒళ్లో బొత్తాలు కుట్టాల్సిన చొక్కాలు పెట్టుకుని.

మొన్న అధ్యక్షురాలు వాళ్లను చూసి నుదురు కొట్టుకుంది. "మళ్లీ వచ్చారా అమ్మా?"

"వస్తూనే ఉంటామండీ" అంది పైనక్క. "మీరు మొదలుపెట్టండి."